తమ్ముడి మెడ వంకర తిరిగింది, ఇప్పుడు కుదురుగా కూర్చోలేకపోతున్నాడు... మందు ఆపేయాలా?

ప్రశ్న: మాది గుంటూరు. మా తమ్ముడికి 21 ఏళ్ళు, బీటెక్ మూడో సంవత్సరం. ఈమధ్య నిద్రపోవడం మానేశాడు. గోడ అవతల నుంచి ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారని, ఫోన్‌లో తనని గమనిస్తున్నారని అనేవాడు. విజయవాడలో సైకియాట్రిస్టుకి చూపించాం. ఇంజక్షన్ చేసి హాలోపెరిడాల్ మాత్రలు రాశారు. రెండో రోజు సాయంత్రం టీవీ చూస్తూ ఉండగా మెడ ఒక పక్కకి తిరిగిపోయింది. కళ్ళు పైకి వెళ్ళిపోయాయి, నాలుక బయటికొచ్చి లోపలికి పోలేదు. మాట రాలేదు కానీ మేమనేది వినిపిస్తూనే ఉంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అమ్మ ఫిట్స్ అనుకుని చేతిలో తాళాల గుత్తి పెట్టింది. పక్కింటివాళ్ళు గాలి సోకిందన్నారు. దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తే ఏదో ఇంజక్షన్ చేశారు, అరగంటలో మామూలు మనిషయ్యాడు. తర్వాత మా డాక్టరుగారు పాసిటేన్ కలిపారు. గొంతులు తగ్గాయి. కానీ వారం నుంచి ఒక్కచోట కూర్చోలేకపోతున్నాడు. అన్నం మధ్యలో లేచిపోతాడు. రాత్రంతా డాబా మీద అటూ ఇటూ తిరుగుతుంటాడు. "అక్కా, లోపల నుంచి ఏదో తోసేస్తోంది" అంటాడు. నరాలు పాడైపోతాయి, మందులన్నీ ఆపేద్దాం అని నాన్న పట్టుబడుతున్నారు. మా మేనత్త పదిహేనేళ్ళుగా ఇలాంటి మందులే వాడుతోంది. ఆవిడ నోరు ఎప్పుడూ ఏదో నములుతున్నట్టు కదులుతూనే ఉంటుంది. తమ్ముడూ అలా అయిపోతాడా? మందు ఆపమంటారా?

– పేరు వద్దన్న పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, ముందు ఒక పని చేయండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. మీ డాక్టరుగారికి ఇవాళే ఫోన్ చేసి, తమ్ముడు కూర్చోలేకపోతున్నాడని, రాత్రిళ్ళు తిరుగుతూనే ఉన్నాడని చెప్పండి. వచ్చేసారి చూపించుకునేదాకా ఆగొద్దు. మెడ తిరిగిన ఆ సాయంత్రం మిమ్మల్ని ఎంత హడలగొట్టిందో ఉత్తరం చదివితే తెలుస్తోంది. కానీ అది అయిపోయింది. నాకిప్పుడు ఎక్కువ ఆందోళనగా ఉన్నది ఆ డాబా మీద నడక గురించి.

అయినా ఆ సాయంత్రం సంగతి తేలకపోతే మీ ఇంట్లో భయం పోదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

మీరు రాసిన లక్షణాలన్నీ డిస్టోనియావి. మందు వల్ల కండరాలు వాటంతట అవి బిగుసుకుని, మెలితిరిగిపోవడం అన్నమాట. మెడ ఒక పక్కకి లాగేయడం, కనుగుడ్లు పైకి వెళ్ళి అక్కడే ఉండిపోవడం, దవడ బిగిసిపోవడం, నాలుక బయటికి పొడుచుకురావడం, ఒక్కోసారి నడుము వెనక్కి విల్లులా వంగిపోవడం, ఇవన్నీ దానిలోవే. ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్స్‌లో మనిషికి తెలివి ఉండదు, లేచాక ఏం జరిగిందో గుర్తుండదు. మీ తమ్ముడు మీ మాటలన్నీ వింటూ, భయపడి ఏడుస్తూ ఉన్నాడు. ఈ తేడా మీరు గమనించి రాయడం చాలా మంచిదైంది. ఇక గాలీ ధూళీ అయితే కండలోకి పొడిచిన ఒక ఇంజక్షన్‌కి అరగంటలో పోదు. పక్కింటివాళ్ళకి ఈ ఒక్క మాట చెప్పండి చాలు.

ఎందుకు జరిగిందంటారా? మెదడులో డోపమిన్ అనే రసాయనం ఉంది. గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం వంటి జబ్బుల్లో మెదడులోని కొన్ని భాగాల్లో దాని జోరు ఎక్కువవుతుంది. హాలోపెరిడాల్ లాంటి మందులు డోపమిన్ వచ్చి అతుక్కునే చోట్లను మూసేస్తాయి. చిక్కేమిటంటే మందు మెదడంతా వెళ్తుంది. మన నడక, చేతుల ఊపు, నాలుక కదలిక, వీటిని సాఫీగా నడిపే లోపలి భాగాలకి కూడా డోపమిన్ కావాలి. అక్కడ డోపమిన్, ఎసిటైల్‌కోలిన్ అనే రెండు రసాయనాలు త్రాసులో రెండు పళ్ళాల్లా సరిసమానంగా ఉండాలి. మందు ఒక పళ్ళెం తేలిపోయేలా చేస్తే రెండోది కిందికి దిగిపోతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పాసిటేన్ మాత్ర, నర్సింగ్ హోమ్‌లో మీవాడికి చేసి ఉండగల ఫెనర్గన్ ఇంజక్షన్ ఆ రెండో పళ్ళెంలో బరువు తీస్తాయి. అందుకే అంత త్వరగా తేరుకున్నాడు.

డోసు మాట కూడా ఇక్కడే చెప్పాలి. మెదడులో ఆ చోట్లు ఎన్ని మూసుకుపోయాయో పెట్ స్కాన్‌తో లెక్కగట్టిన పరిశోధనలు ఉన్నాయి. దాదాపు 65 శాతం మూసుకుంటే చాలామందికి జబ్బు తగ్గడం మొదలవుతుంది. 80 శాతం దగ్గరికి పోతే ఈ బిగింపులు, వణుకులు ఎక్కువవుతాయి. ఆ రెంటికీ మధ్య ఉన్న సందు చిన్నది. హాలోపెరిడాల్ లాంటి పాత మందుల్లో కొంచెం డోసు పెరిగినా ఆ గీత దాటేస్తాం. క్వెటియాపిన్, క్లోజపిన్ లాంటివి ఆ గీత దాకా అంత సులువుగా వెళ్ళవు, అందుకే వాటితో కండరాల ఇబ్బందులు బాగా తక్కువ. అలాగని అవి మచ్చలేని మందులేమీ కావు. బరువు, షుగర్, మత్తు లాంటి వేరే తంటాలు వాటికీ ఉన్నాయి.

మీ తమ్ముడికే ఎందుకు వచ్చిందంటే, డిస్టోనియా ఎక్కువగా వచ్చేది సరిగ్గా అలాంటివాళ్ళకే. మగపిల్లలు, పాతికేళ్ళ లోపువాళ్ళు, ఈ మందు జీవితంలో మొదటిసారి ఒంట్లోకి వెళ్ళినవాళ్ళు, అదీ ఇంజక్షన్ రూపంలో. దాదాపు అన్నీ మొదటి నాలుగైదు రోజుల్లోనే వస్తాయి. 2007లో బ్రెజిల్ నుంచి వచ్చిన ఒక పరిశోధనలో, హాలోపెరిడాల్ ఇంజక్షన్ ఒక్కటే చేసినవాళ్ళలో కొందరికి ఇలా కండరాలు పట్టేశాయి. దానితో పాటు ఫెనర్గన్‌లో ఉండే ప్రొమెథజిన్ కలిపి చేసినవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. కుర్రవాళ్ళకి హాలోపెరిడాల్ ఇంజక్షన్ చేసేటప్పుడు ఆ రెండోది తోడు లేకుండా చేయడం మంచిది కాదన్నది నా గట్టి అభిప్రాయం.

ఇంకో మాట. ఇలా జరగొచ్చని మందు రాసిన రోజునే మీకు చెప్పి ఉండాల్సింది. "మెడ పట్టేసినా, కళ్ళు పైకి పోయినా కంగారు పడకండి, వెంటనే ఫోన్ చేయండి, ఇంజక్షన్‌తో తగ్గిపోతుంది" అని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టదు. చెబితే భయపడి మందు వేసుకోరేమోనని కొందరు డాక్టర్లు దాటేస్తారు. నేను చూసినంతలో జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. ముందే తెలిసినవాళ్ళు ఫోన్ చేస్తారు, తెలియనివాళ్ళు మందు కాలవలో పారేసి మళ్ళీ ఆసుపత్రి గడప తొక్కరు. మీ నాన్నగారు ఇప్పుడు ఆపేద్దామంటున్నది కూడా ఆ సాయంత్రపు భయంతోనే. ఆయన్ని తప్పుపట్టలేను.

కండరాలకి గానీ నరాలకి గానీ దెబ్బ తగిలిందా అంటే, లేదు. డిస్టోనియా పోయాక ఒకటి రెండు రోజులు మెడ నొప్పిగా ఉంటుంది, అంతే. మళ్ళీ వస్తే మాత్రం మెడని బలవంతంగా తిప్పొద్దు, నోట్లో స్పూనూ గుడ్డా పెట్టొద్దు, తాళాలూ ఉల్లిపాయలూ వద్దు. నోట్లో జొల్లు ఊరుతుంటే పక్కకి ఒరిగించి పడుకోబెట్టండి. "మందు వల్ల వచ్చింది, ఇంజక్షన్ చేస్తే పోతుంది" అని పిల్లాడి చెవిలో చెబుతూ ఉండండి. తనకి వినిపిస్తుంది. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్ళి ఏ మందు వాడుతున్నాడో చీటీ చూపించండి. గొంతు బిగుసుకుపోయినట్టై ఊపిరి ఆడకపోయినా, శ్వాసలో కీచుమని శబ్దం వచ్చినా ఆటో కోసం చూడకుండా 108కి ఫోన్ చేయాలి. అది అరుదు, కానీ అందులో ఆలస్యం పనికిరాదు.

తమ్ముడి ఫైలు మీద మొదటి పేజీలోనే "హాలోపెరిడాల్‌కి డిస్టోనియా వచ్చింది" అని పెద్ద అక్షరాలతో రాయించుకోండి. రేపు వాంతులకో, జ్వరానికో వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ పేజీ చూపించాలి. వాంతులకి వాడే పెరినార్మ్, స్టెమెటిల్ కూడా ఇదే డోపమిన్ మీద పనిచేస్తాయి. మానసిక జబ్బు ఊసే లేని చిన్నపిల్లలకి కూడా పెరినార్మ్ పడ్డాక మెడ తిరిగిపోవడం ఉంది. ఈ సంగతి చాలా ఇళ్ళల్లో తెలియదు.

ఇక డాబా మీద నడక. మీ తమ్ముణ్ణి నేను చూడలేదు కాబట్టి తేల్చేది మీ డాక్టరుగారే. కానీ మీరు రాసినదాన్ని బట్టి మొట్టమొదట అనుమానించాల్సింది అకతీసియాని. ఇది కూడా అదే మందు వల్ల వచ్చేదే. కాకపోతే మెడ తిరిగినట్టు ఇది కంటికి కనిపించదు, అందుకే ఇదే ఎక్కువ మోసం చేస్తుంది. లోపల ఒక అలజడి, ముఖ్యంగా కాళ్ళలో. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే నడవాలనిపిస్తుంది, నడిస్తే కాసేపు ఊరట, ఆగితే మళ్ళీ మొదలు. మందు మొదలుపెట్టాకో డోసు పెంచాకో కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లోపు వస్తుంది. మీ తమ్ముడు "లోపల నుంచి ఏదో తోసేస్తోంది" అన్నాడు చూశారా, దాన్ని ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. ఆ మాట అలాగే డాక్టరుగారికి చెప్పండి, మీ మాటల్లోకి మార్చకండి.

దీన్ని పట్టుకోవడానికి స్కాన్ ఏదీ లేదు. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, మామూలు కబుర్లు చెబుతూ రెండు నిమిషాలు కాళ్ళకేసి చూడాలి. తర్వాత నిలబెట్టి ఇంకో రెండు నిమిషాలు. అకతీసియా ఉన్నవాళ్ళు కూర్చున్నప్పుడు పాదాలు నేలకి రాస్తుంటారు, మోకాళ్ళు ఊపుతారు, కాలు మీద కాలు వేస్తారు, తీస్తారు. నిలబడ్డప్పుడు ఒంటి బరువుని ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి మారుస్తూ, ఉన్నచోటే అడుగులు వేస్తుంటారు. "కూర్చోలేకపోతున్నావా, కూర్చోబుద్ధి కావట్లేదా?" అని అడిగితే "కూర్చోవాలనే ఉంది, కాళ్ళు ఊరుకోవట్లేదు" అంటారు. ఇవాళ సాయంత్రం మీరే ఇంట్లో అలా చూడండి. వీలైతే తమ్ముడు ఒప్పుకుంటేనే ఫోన్‌లో చిన్న వీడియో తీసుకోండి. ఓపీలో కూర్చునే ఆ కాసేపు పిల్లలు బిగపట్టుకుని కదలకుండా ఉంటారు, డాక్టరుకి ఏమీ కనపడదు.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఇంట్లోవాళ్ళూ కొన్నిసార్లు డాక్టర్లూ కూడా దీన్ని జబ్బు ముదిరిందనుకుంటారు. "రాత్రంతా తిరుగుతున్నాడండీ, చిరాకు పడుతున్నాడు, మాట వినడం లేదు" అని మీరు చెబితే, విన్నవాళ్ళు డోసు పెంచుతారు. డోసు పెరిగితే అలజడి ఇంకా పెరుగుతుంది, దాంతో మళ్ళీ డోసు. అందుకే మీరు ఫోన్ చేసినప్పుడు "తిరుగుతున్నాడు" అని ఊరుకోకుండా, "గొంతులు తగ్గాయి, అనుమానాలు తగ్గాయి, కానీ కాళ్ళు ఆగడం లేదు, ఇది మందు వల్ల వచ్చిన అకతీసియా కావచ్చా?" అని పేరు పెట్టి అడగండి. అడిగితే డాక్టరుగారు ఏమనుకుంటారో అనే మొహమాటం వద్దు. మంచి డాక్టరు ఆ ప్రశ్నకి సంతోషిస్తారు.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని దాచను. ఈ అలజడి భరించలేక కొందరికి చచ్చిపోదామన్న ఆలోచనలు వస్తాయి. మీ తమ్ముడికి వస్తాయని కాదు. కానీ అడగండి. "నీకు చచ్చిపోవాలని గానీ, నిన్ను నువ్వు ఏమైనా చేసుకోవాలని గానీ అనిపిస్తోందా?" అని సూటిగా, నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్ళకి చెప్పుకునే దారి దొరుకుతుంది. మందు మార్చి ఈ అలజడి తగ్గేదాకా రాత్రిళ్ళు డాబా మీద ఒంటరిగా వదలకండి, ఎవరో ఒకరు తోడు నడవండి. చచ్చిపోవాలనిపిస్తోందని తమ్ముడు అంటే అదే రాత్రి గుంటూరు జనరల్ ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి. మీ డాక్టరు ఫోన్‌కి దొరకకపోతే టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు, ఏ వేళయినా డబ్బులేమీ తీసుకోరు.

అకతీసియాకి వైద్యం ఉంది, అది కూడా ఖరీదైనదేమీ కాదు. డోసు తగ్గించడం, తగ్గించడం కుదరకపోతే వేరే మందుకి మార్చడం మొదటి దారి. దానితో పాటు ప్రొప్రనలాల్ అనే బీపీ మాత్ర తక్కువ డోసులో చాలామందికి పనిచేస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్ళకి అది పనికిరాదు, కాబట్టి తమ్ముడికి చిన్నప్పుడు పిల్లికూతలు, ఉబ్బసం లాంటివి ఉంటే తప్పకుండా చెప్పండి. మిర్టజపిన్ రాయొచ్చు, కొద్దిరోజులు క్లోనజిపామ్ ఇవ్వొచ్చు. డిస్టోనియాకి అంత బాగా పనిచేసిన పాసిటేన్ దీనికి పెద్దగా పనిచేయదు. పాసిటేన్ వాడుతున్నా అలజడి ఉందంటే అందులో వింతేమీ లేదు. ఈ మందుల్లో ఏదీ మీ అంతట మీరు మందుల షాపులో కొని మొదలుపెట్టొద్దు, ఏ పేరు ఎందుకు రాశారో అర్థం కావడానికే చెబుతున్నాను.

ఇప్పుడు నాన్నగారి మాట. ఆయన ఆపేద్దాం అంటున్నది ప్రేమతోనే. ఆయనకి ఒక లెక్క చెప్పండి. జబ్బు నెమ్మదించాక మందు కొనసాగించినవాళ్ళనీ, ఆపేసినవాళ్ళనీ పోల్చిన 65 పరిశోధనలని కలిపి 2012లో లాన్సెట్ పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది. ఏడాది తిరిగేసరికి జబ్బు తిరగబెట్టింది మందు వాడినవాళ్ళలో 27 శాతం మందికి, ఆపేసినవాళ్ళలో 64 శాతం మందికి. మీ తమ్ముడు ఇంకా తేరుకుంటూనే ఉన్నాడు. ఈ దశలో ఉన్నట్టుండి అన్నీ ఆపేస్తే గొంతులు తిరిగి రావొచ్చు, మళ్ళీ ఇంజక్షన్లు, మళ్ళీ మొదటి రోజు నుంచి ఎక్కువ డోసులు. ఏ ఇంజక్షన్‌కి భయపడి ఆపారో దాని దగ్గరికే తిరిగి వెళ్ళడం అవుతుంది. అలాగని ఈ అలజడిని ఓర్చుకోమని నేను ససేమిరా చెప్పను. "సైడ్ ఎఫెక్టులు మామూలేనమ్మా, అలవాటైపోతాయి" అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. అకతీసియాని ఓర్చుకోకూడదు, మార్పించుకోవాలి. నాన్నగారు అడగాల్సింది మందు ఆపమని కాదు, మార్చమని. ఆయన్నే తోడు తీసుకెళ్ళి ఆ మాట ఆయన నోటితోనే అడిగించండి. ఇంట్లో పెద్దాయన డాక్టరు ఎదురుగా కూర్చుని జవాబు విన్నాక సగం గొడవ తగ్గుతుంది. ఇప్పుడు చూస్తున్న డాక్టరు వినిపించుకోకపోతే రెండో అభిప్రాయం తీసుకోవడం తప్పు కాదు. గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి, మధ్యలో మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఉంది.

నరాలు పాడవుతాయన్న భయానికి కూడా జవాబు చెప్పాలి. డిస్టోనియా, అకతీసియా, ఆ తర్వాత కొన్ని వారాలకి రాగల వణుకు, బిగుతు, ఇవన్నీ మందు తగ్గిస్తేనో మారిస్తేనో దాదాపు అందరిలోనూ పోయేవే. ఆ మూడోదాన్ని ఒకసారి గమనించుకోండి. నడిచేటప్పుడు చేతులు ఊగకపోవడం, ముఖంలో నవ్వూ కోపమూ కనపడకపోవడం, చొంగ కారడం, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఆలస్యం కావడం, రాత చిన్నదైపోవడం. పరీక్షలు రాసే పిల్లాడు కాబట్టి పాత నోటుబుక్కూ కొత్త నోటుబుక్కూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇట్టే తెలుస్తుంది. "ఒళ్ళొంచి పని చేయడు, బద్ధకం" అని తిట్లు తినే పిల్లల్లో కొందరు ఈ బిగుతుతో బాధపడుతున్నవాళ్ళే.

పాసిటేన్ గురించి కొంచెం. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, చూపు మసకగా ఉండటం దానివల్ల రావొచ్చు. నెలల తరబడి అలవాటుగా లాగించే మందు కూడా కాదు. గండం గడిచిందనుకున్నాక నెమ్మదిగా తగ్గించవచ్చా అని అడగండి. కొంతమంది కుర్రాళ్ళు దాన్ని మత్తు కోసం వాడతారు, అందుకే మందులు మీ దగ్గరే పెట్టుకుని ఏ పూటకి ఆ పూట ఇవ్వండి.

మన ఊళ్ళ ఎండల గురించి చెప్పకుండా ఉండలేను. రెంటచింతల ఎండలు తెలిసిన ప్రాంతం మనది. ఈ మందులు ఒంటి వేడిని అదుపు చేసే శక్తిని తగ్గిస్తాయి, పాసిటేన్ చెమటని తగ్గిస్తుంది. వడదెబ్బ మామూలువాళ్ళ కంటే వీళ్ళకి త్వరగా తగులుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట బైకు మీద తిరగనివ్వకండి. మజ్జిగ, నీళ్ళు అడక్కముందే ఇస్తూ ఉండండి. ఒంట్లో నీరు తగ్గినవాళ్ళకి ఇంకో పెద్ద ప్రమాదం కూడా పొంచి ఉంటుంది. చాలా అరుదే, కానీ పేరు తెలుసుకోండి: న్యూరోలెప్టిక్ మలిగ్నెంట్ సిండ్రోమ్. ఒళ్ళు ఇనుప కడ్డీలా బిగుసుకుపోవడం, జ్వరం బాగా పెరగడం, మనిషి అయోమయంగా మాట్లాడటం, ఒళ్ళంతా చెమటలు, గుండె దడ. ఇవి కలిసి వస్తే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. తర్వాతి డోసు ఇవ్వకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, ఏ మందు వాడుతున్నాడో చెప్పాలి. అక్కడ సీపీకే అనే రక్తపరీక్ష చేసి కండరాలు ఎంత దెబ్బతింటున్నాయో చూస్తారు. మందు ఆపాల్సిన సందర్భం ఏదైనా ఉందంటే అది ఇదే.

మీ మేనత్తగారి నోటి కదలికలు వేరే సంగతి. మీరు రాసినదాన్ని బట్టి అది టార్డివ్ డిస్కైనీషియా కావచ్చు. ఈ మందులు నెలలూ ఏళ్ళూ వాడాక వస్తుంది. పెదాలు చప్పరించడం, దవడ ఆడించడం, నాలుక లోపల్లోపల తిరగడం, ఆవిడకి తెలియకుండానే జరిగిపోతుంటాయి. పాత మందులు వాడే పెద్దవాళ్ళలో ఏడాదికి సుమారు 5 శాతం మందికి ఇది మొదలవుతుంది. వయసు మళ్ళినవాళ్ళలో ఇంకా ఎక్కువ, కొత్త మందులతో తక్కువ. మీ తమ్ముడికి వచ్చిన మెడ బిగింపు నాలుగు రోజుల ముచ్చట. అది వచ్చింది కాబట్టి అత్తయ్యలా అయిపోతాడని అనుకోనక్కర్లేదు. కానీ వాడు ఈ మందుల మీద ఉన్నంతకాలం మూడు నాలుగు నెలలకోసారి నోరు తెరిపించి, నాలుక కదలకుండా ఉందో లేదో, చేతివేళ్ళు వాటంతట అవి ఆడుతున్నాయో డాక్టరుగారితో చూపించుకోవాలి. మొదట్లోనే పట్టుకుంటే తగ్గే అవకాశం ఎక్కువ.

అత్తయ్యగారిని కూడా ఈ నెలలోనే తీసుకెళ్ళండి. పదిహేనేళ్ళ నుంచి అదే చీటీ మీద అవే మందులు కొంటున్నట్టయితే, ఏ డోసు నిజంగా అవసరమో మళ్ళీ చూడాలి. ఉన్నట్టుండి ఆపితే ఆ కదలికలు మొదట ఇంకా పెరుగుతాయి, కాబట్టి ఇంట్లో ఆపొద్దు. ఆవిడ చీటీలో పాసిటేన్ ఉంటే ఆ సంగతి ప్రత్యేకంగా అడగండి. మీ తమ్ముడికి మేలు చేసిన ఆ మాత్రే ఈ నోటి కదలికలని ఎక్కువ చేస్తుంది. క్లోజపిన్‌కి మార్చడం, టెట్రబెనజిన్ వాడటం వంటి దారులున్నాయి, ఆవిడ వయసూ ఇతర జబ్బులూ చూసి నిర్ణయిస్తారు. అన్నట్టు, ఆవిడకి కట్టుడు పళ్ళు ఉంటే వదులయ్యాయేమో పళ్ళ డాక్టరుకి కూడా చూపించండి. వదులైన పళ్ళ సెట్టుని సర్దుకుంటూ కూడా కొందరి నోరు అలాగే కదులుతుంది, సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళేలోపే అది తేలిపోతే మంచిది.